వీపులు ఆనించి చెప్పుకున్న ఆటల ముచ్చట్లు

మొన్న బార్డోలీలో తెలిసినవారింట్లో పసిపాపకు పేరుపెట్టే వేడుకకు వెళ్లి, సాయంత్రం సర్కారు బస్సులో సూరత్‌కు తిరిగి వస్తుంటే, నా పక్క సీటులో కూర్చున్న ఒక యువకుడు దారి పొడవునా ఫోనులో ఏదో ఆట ఆడుతూనే ఉన్నాడు. తెరమీద గోడలు కూలుతున్నాయి, ఎవరో ఎవరినో తరుముతున్నారు, మంటలు లేస్తున్నాయి, కానీ చప్పుడు మాత్రం లేదు. చెవుల్లో కూడా అతను ఏమీ పెట్టుకోలేదు. చప్పుడు పూర్తిగా ఆపేసుకుని ఆడుతున్నాడు. నేను నా అలవాటు కొద్దీ తెరవైపు ఓరగా చూస్తూ, ఎదుటివాడు ఎన్ని దెబ్బలకొకసారి పక్కకు తప్పుకుంటున్నాడో మనసులో లెక్క వేస్తూ కూర్చున్నాను. చెరకు తోటలు దాటేసరికి ఆ వరస నాకు దొరికింది గానీ అతనికి దొరకలేదు, ఓడిపోయాడు. ఓడినప్పుడు కూడా చప్పుడు రాలేదు. మా కాలంలో ఆట ఓడితే పైనుంచి కిందికి జారిపోతున్నట్టు ఒక కూత వచ్చేది, అది గల్లీ చివర నిలబడ్డవాడికి కూడా వినిపించి, ఎవరి వంతు అయిపోయిందో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయేది.

ఆ చప్పుడు లేని ఓటమిని చూశాక, కొన్నేళ్ల కింద మా బావా నేనూ కలిసి వీడియో గేముల మీద తెలుగులో నడిపిన పాడ్‌కాస్ట్ గుర్తుకొచ్చింది. నా ఈడువారిలో కొందరికి ఆ మాట కొత్త కావచ్చు కనుక చెబుతున్నాను, అది రేడియో లాంటిదే, కాకపోతే దానికి స్టేషను ఉండదు, వేళ ఉండదు, ఎవరి ఇంట్లో వారు మాట్లాడి ఫోనులో పెడితే ఎవరికి తీరికైనప్పుడు వారు వింటారు. మేము సరదాకు మొదలుపెట్టిన ఆ పని చివరికి మా బావ చెవుల సంగతి బయటపెట్టింది. ఆయన వినికిడి ఎంత మిగిలి ఉందో, అది పోతే దానితోపాటు ఆయన కొలువు కూడా పోతుందేమోనన్న బెంగ దాకా మమ్మల్ని తీసుకువెళ్లింది. ఆ సంగతే ఇప్పుడు రాస్తున్నాను.

బావ అంటే మా మేనత్త కొడుకు, తర్వాత మా అక్క భర్త. మా నాన్న, బావ నాన్న కరీంనగర్ వైపు నుంచి సాంచాలు నడపడానికి, అంటే మర మగ్గాల పనికి, సూరత్ వచ్చి లింబాయత్‌లో ఒకే వరుస ఇళ్లలో కాపురం పెట్టారు. ఆ గల్లీ మలుపులో ఒక గుజరాతీ పెద్దాయన కొట్టు ఉండేది. ముందు భాగంలో సబ్బులు, అగ్గిపెట్టెలు, వెనక చీకటి గదిలో నాలుగు ఆట పెట్టెలు. ఆయనకు డబ్బులిస్తే ఇత్తడి బిళ్ల ఒకటి ఇచ్చేవాడు, ఆ బిళ్ల పెట్టెలో వేస్తే తెర వెలిగేది. మా ఇద్దరికీ కలిపి ఒక బిళ్ల దొరకడమే ఎక్కువ కాబట్టి మేము పని పంచుకున్నాం. చేతులు బావవి, లెక్క నాది. ఆయన పిడి పట్టుకుని ఆడుతుంటే నేను పక్కన నిలబడి, ట్యాంకు ఎటునుంచి వస్తుందో, బండ ఎప్పుడు దొర్లుతుందో ముందే చెప్పేవాణ్ని. నాకు మంత్రమేమీ రాదు. ఆ యంత్రాలు ఎంత బెదిరించినా వాటికి తెలిసినది ఒకటే వరస, దాన్ని అవి తప్పవు. ఓపికగా చూస్తే ఎవరికైనా అంతుచిక్కుతుంది.

అయితే గల్లీలో పేరు వచ్చింది నాకు కాదు, బావకే. ఆయన ఆ నాలుగు పెట్టెల్లోంచి వచ్చే ప్రతి చప్పుడూ నోటితో చేసేవాడు. ట్యాంకు పేలడం, కారు మలుపు తిరుగుతూ చక్రాలు అరవడం, కుస్తీవాడు నేలమీద పడటం, అన్నిటికంటే ముఖ్యంగా బహుమతి దొరికినప్పుడు మోగే సన్నటి గంట. ఆ గంట ఎంత సన్నమంటే చెవి లోపల సూది కొన ఆనినట్టుండేది. బిళ్ల కొనలేని పిల్లలంతా కొట్టు మెట్లమీద బావ చుట్టూ చేరితే, ఆయన గాలిలో పిడి పట్టుకున్నట్టు చేతులు పెట్టి, నోటితో మొదటినుంచి చివరిదాకా ఆట ఆడించేవాడు. ఎవరికి ఎక్కడ గంట మోగించాలో, ఎవరిని ఎక్కడ ఓడించాలో ఆయన ఇష్టం. తనతో తగాదా పెట్టుకున్నవాడు మొదటి మలుపులోనే పేలిపోయేవాడు.

తర్వాత అందరిలాగే మేమూ ఖాతాలోకి వెళ్లాం. ఖాతా అంటే ఇక్కడ మగ్గాల షెడ్డు. నేను బడి మధ్యలో మానేసినా లెక్కల మీద ఇష్టం మానలేదు. కొన్నేళ్లు సాంచాల మధ్య తిరిగి, దారం బరువు మీద తరుగు ఎంత, ఏ నంబరు దారానికి ఎంత బట్ట అని కనుక్కుంటూ కనుక్కుంటూ, చివరికి అదే ఖాతాలో గుమాస్తా బల్ల దగ్గర కుదురుకున్నాను. బావ మాస్టర్ అయ్యాడు. సాంచాలు చెడితే బాగుచేసే మనిషిని ఇక్కడ అలా పిలుస్తారు. వరుసగా ఆడుతున్న మగ్గాల నడుమ నడుస్తూ, ఫలానా దానిలో అడ్డదారం మోసుకుపోయే నాడె సరిగా తగలడం లేదని చప్పుడును బట్టి చెప్పగలడని ఆయనకు పేరు. మాస్టర్ కొలువు చెవిమీద ఆధారపడిన కొలువని అందరూ అనుకునేవారు, అందరికంటే ఎక్కువగా ఆయనే అనుకునేవాడు.

పాడ్‌కాస్ట్ ఆలోచన మా మేనకోడలిది, అంటే బావ కూతురిది. అప్పుడు కాలేజీలో కామర్సు చదువుతుండేది. సెలవునాడు అక్క ఇంట్లో చాయ్ తాగుతూ మేము ఆ పాత ఆటల సంగతులు తవ్వుకుంటుంటే, తండ్రి చేసే చప్పుళ్లు విని ఆ పిల్ల నవ్వీ నవ్వీ, ఇది ఇంట్లో ఉంచుకునే ముచ్చట కాదు, నలుగురికీ వినిపించాలని పట్టుపట్టింది. మాకూ కాదనడానికి కారణం కనబడలేదు. లోపలి గదిలో అక్క బజారు నుంచి తెచ్చుకున్న చీరల మూటలు గోడలంతా పేర్చి ఉండేవి. వాటికి రాళ్లు అతికించి, వేలాడే పోగులు కత్తిరించి తిరిగి ఇవ్వడం అక్క పని. ఆ మూటల మధ్య మాట్లాడితే గొంతు ప్రతిధ్వనించకుండా మెత్తగా వస్తుందని మేనకోడలు కనిపెట్టింది. పెళ్లిళ్ల కాలంలో మూటలు ఎక్కువగా ఉన్నప్పుడు మా గొంతులు పెద్ద స్టేషనువాళ్ల గొంతుల్లా ఉండేవి, వ్యాపారి వచ్చి మూటలు తీసుకుపోయిన వారం బావిలోంచి మాట్లాడినట్టుండేవి. కార్యక్రమానికి "ఒక్క బిళ్ల" అని పేరు పెట్టుకున్నాం.

మొదటిసారి చాలాసేపు మాట్లాడాం, చాలా బాగా వచ్చిందనుకున్నాం. ఆ పిల్ల ఇయర్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని వింటూ, కాసేపటికి మొహం చిట్లించి మావైపు చూసింది.

"మామా, మీరిద్దరు మధ్యల లేచి ఎటన్న పోయిండ్రా?"

"ఎటు పోతం బిడ్డా, గీడనే కూసున్నం గదా. ముచ్చట వెట్టుకుంటనే ఉన్నం," అన్నాడు బావ.

"మరి ముచ్చట ఏది పప్పా? ఈడ మొత్తం ఖాలీ ఉంది. ఈడ చూడు, ఇద్దరు మస్తు నవ్విన్రు, దేనికి నవ్విన్రో అది లేనే లేదు."

వంటింట్లోంచి అక్క అందుకుంది. "సాంచల మీద పనిజేసిన మొగోళ్లకు గొంతు ఎక్కడిది బిడ్డా, పెదవులే ఉంటయ్. నేను పెండ్లయిన కొత్తల మీ నాయిన నాతోని మాట్లాడుతలేడని ఏడ్సిన. ఆయనేమో పొద్దుందాక మాట్లాడుతనే ఉన్నడట!"

అక్క ఎగతాళికి అన్నా జరిగింది అదే. ఖాతాలో సాంచాలు ఆడుతున్నప్పుడు పక్కనున్నవాడి చెవిలో అరిచినా వినిపించదు. అందుకని పని నేర్చుకున్న మొదటి నెలల్లోనే, గొంతు లేకుండా పెదవులు సాగదీసి మాట్లాడటం, మిగిలినది వేళ్లతో చెప్పడం అందరికీ అలవాటవుతుంది. ఆ చివరి మగ్గం దగ్గరున్నవాడు ఈ చివరివాడితో ఖాతా యజమాని సేఠ్ మీద జోకు చెప్పగలడు, అది కూడా సేఠ్ వాళ్ల మధ్యనుంచి నడిచి వెళుతుండగా. అలా మాట్లాడుతున్నామని మాకు తెలియను కూడా తెలియదు. ఎదురుగా ముఖం కనబడితే చాలు, మాట మధ్యలో గొంతు దానంతటదే ఆగిపోయి పెదవులు అందుకుంటాయి. ఇంటి దగ్గర అయితే సగం గొంతు, సగం పెదవులు. మేము రికార్డు చేసిన దానిలో మంచి ముచ్చట్లన్నీ పెదవుల మీదే జరిగిపోయాయి.

ఎన్నిసార్లు చెప్పినా, గుర్తుపెట్టుకుని మొదలుపెట్టినా, మాటలో పడగానే మళ్లీ అదే వరస. విసిగిపోయి ఆ పిల్ల ఒక ఉపాయం చేసింది. మా ఇద్దరినీ వీపులు ఆనించి కూర్చోబెట్టింది, ముఖం కనబడకపోతే నోరు తెరవక తప్పదని.

"అలిగిన మొగుడు పెండ్లాల లెక్క కూసోవెడ్తున్నవ్ గదనే," అన్నాడు బావ.

"అలిగితే చప్పుడు చెయ్యరు పప్పా. మీరు చప్పుడు చెయ్యాలె. షురూ కరో."

ఆ ఉపాయం పనిచేసింది. అప్పటినుంచి ప్రతి సెలవునాడూ చీరల మూటల నడుమ చాపమీద అలా వీపులు కలిపి కూర్చునేవాళ్లం. ఒక్కోసారి ఒక్కో పాత ఆట తీసుకుని, బావ దాన్ని నోటితో ఆడించేవాడు, ఎక్కడెక్కడ దాని వరస ఎలా పట్టుకోవచ్చో నేను చెప్పేవాణ్ని. ఆయన నవ్వితే ఆ నవ్వు నా వెన్నులోకి వచ్చేది. వినేవాళ్లు మరీ ఎక్కువమంది కారు, అంతా మనవాళ్లే. లింబాయత్, వడోద్‌లలోని కార్మికులు, భివండీలో, సిరిసిల్లలో సాంచాల మీద ఉన్నవాళ్లు, వాళ్ల ద్వారా గల్ఫుకు వెళ్లినవాళ్లు కొందరు. షిఫ్టు దిగి రొట్టెలు చేసుకుంటూ వింటున్నామని భివండీ నుంచి ఒకాయన సందేశం పెట్టాడు. మా వాళ్ల దగ్గరా ఇలాంటి కొట్టే ఉండేదని చాలామంది రాశారు. నాకు ఆశ్చర్యమనిపించేది, ఇన్ని ఊళ్లలో ఇంతమంది చీకటి గదుల్లో నిలబడి అవే వరసలు పట్టుకోవడానికి చూశారా అని.

కొన్ని వారాలు గడిచాక నేను ఒకటి గమనించాను. నేను మధ్యలో ఏదైనా అడిగితే బావ ఆగడం లేదు. తన ధోరణిలో తాను వెళ్లిపోతున్నాడు. నేను పూర్తిగా ఒక ప్రశ్న అడిగి ఊరుకుంటే, ఒక్కోసారి అంతా నిశ్శబ్దం. వినేవాళ్లకు మాత్రం ఇది మహా సరదాగా తోచింది. బావ అంటే గట్లుండాలె, బామ్మర్దిని నోరు తెరవనియ్యద్దు అని ఒకాయన రాశాడు. బామ్మర్ది పాపం రోజూ ఇంత తిండన్న తింటున్నడా అని ఇంకొకాయన అడిగాడు. మేనకోడలు ఆ సందేశాలు చదువుతుంటే బావ మీసం మీద చెయ్యి వేసుకుని, చూసినవా అన్నట్టు నావైపు కళ్లెగరేసేవాడు. నేనూ నవ్వేవాణ్ని. కానీ లెక్కలతో బతికిన మనిషికి ఒక అనుమానం ఎప్పుడూ ఉంటుంది, ఒకే తేడా ఒకేచోట మళ్లీ మళ్లీ వస్తుంటే దాన్ని పొరపాటు అని వదిలెయ్యకూడదని. ఎదురెదురుగా కూర్చుని చాయ్ తాగుతున్నప్పుడు బావ నా మాట ఒక్కటి కూడా తప్పిపోనిచ్చేవాడు కాదు. వీపులు ఆనించినప్పుడే ఇలా జరుగుతోంది.

ఆ మధ్యనే ఆ సన్నటి గంట సంగతి వచ్చింది. మేనకోడలికి ఎక్కడో ఆ పాత ఆట అసలు చప్పుడు దొరికింది. బావ నోటితో చేసిన గంటనూ, అసలు గంటనూ పక్కపక్కన పెట్టి వినిపిస్తే వినేవాళ్లు మెచ్చుకుంటారని దాని ఆశ. రెండూ కలిపి, ఇయర్‌ఫోన్లు తండ్రి చెవులకు తగిలించింది. నేను ముందే విన్నాను, రెండింటికీ తేడా పట్టుకోవడం కష్టం. బావ కళ్లు మూసుకుని విన్నాడు.

"నాది వచ్చింది. ఆట చప్పుడేది?"

"దాని వెనకనే వచ్చింది గద పప్పా."

"రాలే బిడ్డా. నీ ఫోన్ ఖరాబైనట్టుంది, జర చూస్కో."

ఆ పిల్ల చప్పుడు పెంచి మళ్లీ వినిపించింది. బావ తల అడ్డంగా ఊపాడు, తగిలించినవి తీసి అటూ ఇటూ తిప్పి చూసి, సస్తా మాలు కొంటే గిట్లనే ఉంటదని తిరిగి ఇచ్చేశాడు. మేనకోడలు నావైపు చూసింది. తాను చేసిన గంట ఆయనకు ఎలా అందిందన్నది నేను తర్వాత చాలాసార్లు ఆలోచించాను. అది చెవి గుండా వచ్చి ఉండదని, ఎక్కడ నోరు తిప్పాడో తెలుసు కనుక లోపలే మోగి ఉంటుందని నా ఊహ. చిన్నప్పుడు పట్టుకున్న స్వరాన్ని, ఇక తనకు వినిపించకపోయినా, ఇన్నేళ్లూ తప్పకుండా చేస్తూనే ఉన్నాడన్నమాట.

తర్వాతి సెలవునాడు నేను ఊహలతో పని లేకుండా తేల్చుకుందామనుకున్నాను. మామూలుగానే మాట్లాడుతూ, ఒక్కో ప్రశ్నకూ గొంతు కాస్త కాస్త తగ్గిస్తూ వచ్చాను. మొదట జవాబులు వచ్చాయి, తర్వాత ఆలస్యంగా వచ్చాయి. చివరికి, ఆ కుస్తీ ఆటలో పచ్చ లంగోటీవాణ్ని ఎలా పడగొట్టేవాడివి బావా అని, గుసగుస కంటే కాస్త పైగా అడిగాను. కాసేపు ఏమీ లేదు. అప్పుడు వంటింట్లో రొట్టెలు కాలుస్తున్న అక్క గట్టిగా జవాబు చెప్పింది, "మోకాలి మీద తన్నుతుండె, ఎన్నిసార్లు చెప్పిండో!" అక్క జవాబు కూడా బావకు వినబడలేదు. నా వీపుకు ఆనుకుని కూర్చుని, నేనింకా ఏమీ అడగలేదనుకుని, నిదానంగా ఎదురుచూస్తున్నాడు. అక్క చేతిలో పట్టకారుతోనే గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. మా ఇద్దరినీ చూసి ఆమెకు అంతా అర్థమైంది.

దవాఖానకు పోదామని అక్క ఆరోజే మొదలుపెట్టింది. బావ ససేమిరా అన్నాడు. నా చెవులకేమైంది, బయట ఎవడు పిలిచినా పలుకుతున్న కదా అన్నాడు. నిజమే, పిలిచేవాడు కనబడితే పలుకుతాడు. అక్క వదలకపోయేసరికి అసలు సంగతి బయటపడింది.

"చెవిటి మాస్టర్‌ను ఏ సేఠ్ పెట్టుకుంటడే? రేపు గేటు కాడ నిలవెట్టి పొమ్మంటడు. గప్పుడు నీ చీరల మూటలతోని ఇల్లు నడుస్తదా?"

"మరి ఇన్నొద్దులు ఎట్ల నడిపినవ్ పని?" అంది అక్క.

దానికి జవాబు కోసం మరునాడు నేను నా బల్ల దగ్గరినుంచి లేచి వెళ్లి చూశాను. ఆయన సాంచాల నడుమ నడుస్తూ, ఒక్కో దాని చట్రం మీద అరచెయ్యి ఆనించి, కాసేపు ఆగి, ముందుకు పోతున్నాడు. చూసేవాళ్లకు అది ఎద్దు వీపు నిమిరినట్టు, పనిమీద ప్రేమలాగా కనబడుతుంది. నేనూ ఎన్నో ఏళ్లుగా అలాగే అనుకున్నాను. చెవి ఎప్పుడు మానేసిందో, చెయ్యి ఎప్పుడు అందుకుందో ఆయనకే తెలిసినట్టు లేదు.

చివరికి కూతురు ఏడిస్తే ఒప్పుకున్నాడు. వరాఛాలో వజ్రాల పనివాళ్లు ఉండే సొసైటీల, అంటే కాలనీల, మధ్య ఒక చెవుల దవాఖానకు నలుగురం వెళ్లాం. అద్దం కిటికీ ఉన్న చిన్న గదిలో ఆయనను కూర్చోబెట్టి, చెవులకు తగిలించి, చేతికి ఒక మీట ఇచ్చారు. ఏ కాస్త చప్పుడు వినబడినా నొక్కాలి. అద్దానికి ఇవతల ఒక అమ్మాయి చప్పుళ్లు పంపుతూ రాసుకుంటోంది. మీట చేతిలో పడగానే బావ కూర్చున్న తీరే మారిపోయింది. ముందుకు వంగి, బొటనవేలు సిద్ధంగా పెట్టి, ఇత్తడి బిళ్ల వేసినట్టే కూర్చున్నాడు. నొక్కుతున్నాడు, నొక్కుతూనే ఉన్నాడు. ఆ అమ్మాయి కనుబొమలు ముడిపడ్డాయి. అంకుల్ చెవులు కుర్రవాళ్ల చెవుల్లా ఉన్నాయని హిందీలో మాతో అంది. అక్క ముఖం వెలిగింది. నేను మాత్రం లోపలి మనిషినీ, బయటి మనిషినీ మార్చి మార్చి చూస్తున్నాను. చప్పుడు పంపేముందు ఆ అమ్మాయి కుడిభుజం కొద్దిగా కదులుతోంది. అది కదిలిన ప్రతిసారీ బావ బొటనవేలు కదులుతోంది. ఇంతలో ఆమె చున్నీ జారితే సర్దుకుంది. బావ మీట నొక్కాడు.

ఆమె కూడా అది చూసింది. నవ్వాపుకోలేక తలుపు తీసి, "అంకుల్, ఆవాజ్ సున్‌కర్ దబానా హై, ముఝే దేఖ్‌కర్ నహీఁ," చప్పుడు విని నొక్కాలి, నన్ను చూసి కాదు అని, కుర్చీని గోడవైపు తిప్పేసింది.

ఆ తర్వాత మీట చాలాసేపు కదలలేదు. అద్దంలోంచి ఆయన వీపు, చేతిలో పైకెత్తి పట్టుకున్న ఆ మీట మాత్రం కనబడుతున్నాయి. అక్క నా చెయ్యి పట్టుకుంది. అప్పటిదాకా మేము నవ్వులాటలో ఉన్నాం కనుక, ఆ గోడకు ఎదురుగా కూర్చున్న మనిషి ఎంత ఒంటరిగా ఉన్నాడో ఒక్కసారిగా తెలిసివచ్చింది.

బయటికి వచ్చాక బావ నన్ను అడిగిన మొదటిమాట, "ఎన్ని పాయింట్లు వచ్చినయ్ బామ్మర్దీ?"

ఆయనకు కనబడేలా ఎదురుగా నిలబడి, వాళ్లు ఇచ్చిన గీతల కాగితం చూపించి చెప్పాను. సన్నటి చప్పుళ్ల వరస మొత్తం పోయింది. మధ్యవరస సగం పోయింది. బొంగురు చప్పుళ్లు ఉన్నాయి. చెవికి వినికిడి యంత్రం పెట్టుకుంటే మనుషుల మాట అందుతుంది, పోయిన గంట మాత్రం ఇక రాదు. ఆయన ఆ గీతలను వేలితో తడుముతూ, ఆట పెట్టె ముందు నిలబడ్డప్పటి ముఖంతో కాసేపు చూసి, "అయితె ఇంకో లైఫ్ ఉన్నట్టే," అన్నాడు. మేనకోడలు అటు తిరిగి కళ్లు తుడుచుకుంది.

యంత్రం పెట్టుకుని మొదటిసారి ఖాతాకు వెళ్లినరోజు చెవిమీదికి మఫ్లరు కప్పుకున్నాడు, ఎండలో. గేటు దగ్గర సేఠ్ పిలిచి ఆ మఫ్లరేమిటని అడిగాడు, తీయించి చూశాడు. నేను బల్ల దగ్గరినుంచి చూస్తున్నాను, బావ ముఖంలో రంగు లేదు. సేఠ్ ఆ యంత్రాన్ని వంగి పరీక్షగా చూసి, గుజరాతీలో, "అరే మాస్టర్, ఖాతామాఁ కోణ్ సాంభళే ఛే?" అని నవ్వాడు, ఖాతాలో వినేది ఎవడయ్యా అని. అని, ఎక్కడ కొన్నావు, మా అన్నకు కూడా కావాలి అని దుకాణం పేరు అడిగి తెలుసుకున్నాడు. అంతటితో ఆ సంగతి తీరిపోయింది. బావ మఫ్లరు మడిచి చంకలో పెట్టుకుని లోపలికి వెళ్లాడు. సాయంత్రం ఇంటికి నడుస్తూ, "ఉట్టిగనే ఇన్నేండ్లు భయపడ్డ గదరా," అన్నాడు, ఏదో పోగొట్టుకున్నవాడిలా. భయం తీరినందుకు ఆయన సంతోషించాడని రాయగలను గానీ, ఆ ముఖంలో నేను చూసింది అదొక్కటే కాదు.

లోపల సాంచాల దగ్గర యంత్రం పెట్టుకోలేకపోయాడు, ఆ మోతకు తల పగిలిపోతోందని తీసి జేబులో వేసుకుని, మళ్లీ అరచేతినే నమ్ముకున్నాడు. ఇంట్లో మాత్రం పెట్టుకునేవాడు. అలా పెట్టుకునే ఒకసారి రికార్డుకు కూర్చున్నాం. ఇక వీపులతో పనిలేదని ఎదురెదురుగానే కూర్చున్నాం. ట్యాంకు పేల్చాడు, కారు తిప్పాడు, చివర్లో గంట మోగించి, చటుక్కున ఆగిపోయాడు. గంట మళ్లీ చేశాడు. యంత్రంలోంచి తన గొంతు తనకే ఇనుప రేకుమీద గీసినట్టు వినబడుతోందట, దానిలో గంట లేదట.

"గిదేనా ఇన్నొద్దులు నేను అందరికి ఇనిపిచ్చింది?"

"కాదు బావా, మాకు మంచిగనే వస్తది. మిషిన్ల అట్ల ఇనిపిస్తున్నది," అన్నాను.

"నువ్వు నా మనసు కోసం అంటున్నవ్. లోపట మంచిగుండె రా గది. బైటికొస్తే గిట్లున్నది."

ఎంత చెప్పినా నమ్మలేదు. ఆ తర్వాత ఒకటి రెండుసార్లు కూర్చున్నాం గానీ, ఆయన మాటలు మాత్రమే చెప్పాడు, చప్పుళ్లు చెయ్యలేదు. చప్పుళ్లు లేని ఆటలు నా లెక్కలతో ఎంతసేపు నడుస్తాయి? మేనకోడలికి ఒక బట్టల కంపెనీలో ఉద్యోగం వచ్చి సెలవులు కలవలేదు. ఎవరూ ఆపేద్దామని అనకుండానే "ఒక్క బిళ్ల" ఆగిపోయింది. అన్ని భాగాలూ ఫోనులో ఇప్పటికీ ఉన్నాయి. అప్పుడప్పుడు ఎవరో ఒకరు విని, బావను బామ్మర్ది ఎప్పుడు గెలుస్తడని సందేశం పెడతారు.

ఇప్పుడు మా గల్లీలో ఆ కొట్టు లేదు, దాని చోట ఫోను కవర్లు అమ్ముతున్నారు. మా ఖాతాలో పాత సాంచాలు సగం పోయి నీళ్లతో నడిచే కొత్త మగ్గాలు వచ్చాయి, వాటి దగ్గర పనిచేసే కుర్రవాళ్లు చెవుల్లో పాటలు పెట్టుకుంటారు. ఈ చివరివాడికి ఏదైనా చెప్పాలనుకుంటే ఆ చివరివాడు ఫోనులో సందేశం పెడుతున్నాడు. పెదవులు సాగదీసి మేమేదైనా అంటే, ఈ ముసలాయనకు ఏమైందన్నట్టు చూస్తారు. ఇదంతా మంచికా చెడుకా అని తేల్చే శక్తి నాకు లేదు, నాకు తెలిసిన లెక్కలు వేరు.

పోయిన వారం అక్క ఇంటికి వెళ్లాను. బావ మంచంమీద పడుకుని ఫోను చూస్తున్నాడు, చెవిలో యంత్రం ఉంది. అక్క నేలమీద కూర్చుని చీర పోగులు కత్తిరిస్తూ, గ్యాసు బండ సంగతి, కూతురి సంబంధం సంగతి, పక్కింటివాళ్ల సంగతి వరసగా చెబుతోంది. ఆయన ఫోను మీదినుంచి కళ్లు తీయకుండానే ప్రతిదానికీ సరిగ్గా, ఒక్కమాట తప్పిపోకుండా జవాబు చెబుతున్నాడు. మంచిగ ఇనిపిస్తున్నది గదా అక్కా ఇప్పుడు, అన్నాను నేను.

"మంచిగనే ఇంటున్నడు తమ్మీ," అంది అక్క, కత్తెర ఆపకుండా. "ముందైతే నేను నోరు తెరిస్తె సాలు, ఏ పనున్నా ఇడిసిపెట్టి నా మొకం దిక్కు సూసెటోడు."